పిల్లికూన కళ్లకు పుసులు కడితే: ఇంట్లో చిన్నపిల్లలున్న రైతులు ఏం చెయ్యాలి?

జీవామృతం, కషాయాల వీడియోల మధ్యలో ఈ పిల్లికూన గొడవ ఏంటని అనుకోకండి. ప్రకృతి వ్యవసాయం చేసే ఇంట్లో పిల్లి కూడా పనిచేసే ప్రాణే. మనం ఎలుకల మందు పెట్టం. బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా, గుడ్లగూబ తిన్నా వాటి ప్రాణానికీ ముప్పే. విత్తనాల బస్తాలు, పప్పులు, గాదెలో ధాన్యం ఎలుకల పాలు కాకుండా చూసేది పిల్లే. అందుకే మనలో చాలామంది ఎక్కడో ఒకచోట నుంచి ఒక కూనను తెచ్చుకుంటాం.

తెచ్చిన కూనల్లో చాలావాటికి కళ్లు అతుక్కుపోయి, పుసులు కారుతూ ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు దాన్ని ఒక్క క్షణం వదలరు. మరి కూన కన్ను ఎలా కాపాడాలి? పిల్లలకు ఏమీ అంటకుండా ఎలా చూసుకోవాలి? మా ఇంట్లో నడిచింది, పశువైద్యుడి దగ్గర తెలుసుకుంది కలిపి రాస్తున్నాను. కళ్లు తుడిచే పద్ధతి, మందు పెట్టే పద్ధతి వీడియోలో చూడొచ్చు. ఎందుకు అలా చెయ్యాలో ఇక్కడ చదవండి.

తలా ఒక వైద్యం

మా ఇంటికి వచ్చిన కూనకు నెలన్నర వయసు ఉంటుంది. రెండో రోజుకే రెండు కళ్లూ పసుపుపచ్చ పుసులతో మూసుకుపోయాయి. తుమ్ములు కూడా మొదలయ్యాయి. ఎడమ కన్ను అసలు తెరవడం లేదు. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడేళ్లు. వాడు దాన్ని ఎత్తుకుని అదే చేత్తో కళ్లు నులుముకుంటాడు.

ఇంట్లో తలా ఒక వైద్యం చెప్పారు. "నందివర్ధనం పూలు కోసుకొస్తానమ్మా, కళ్ల మీద పెడితే చలవ చేస్తాయి" అన్నారు అత్తయ్య. "గోమూత్రం అర్కం రెండు చుక్కలు వెయ్యి వదినా, దేనికైనా అదే మందు" అంది పక్కింటి ఆవిడ. మామయ్యకు శుక్లాల ఆపరేషన్ అయ్యి ఎంతో కాలం కాలేదు. "నా కంటి చుక్కలు సగం సీసా మిగిలే ఉన్నాయి, వృథా ఎందుకమ్మా, అవి వెయ్యి" అన్నారాయన.

అందరూ మంచి మనసుతో చెప్పినవే. ఏదీ వెయ్యలేదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో పుసులు మెత్తబరిచి తుడిచి, కూనను అట్టపెట్టెలో పెట్టుకుని, మామయ్య చుక్కల సీసా కూడా వెంట పెట్టుకుని పశువైద్యశాలకు వెళ్లాను.

డాక్టరు గారు కంట్లో రంగు కాగితం ఆనించి, నీలం లైటు వేసి చూశారు. దాన్ని ఫ్లోరెసిన్ పరీక్ష అంటారు. నల్లగుడ్డు మీద పుండు ఉంటే ఆ చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎడమ కంట్లో మెరిసింది. తర్వాత సీసా మీద చదివి, అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ ఉందని చూపించారు. ఆపరేషన్ తర్వాత మనిషి కంటికి వాపు తగ్గడానికి అది ఇస్తారు. పుండు ఉన్న కంట్లో అదే వేస్తే పుండు మానదు, ఇంకా లోతుకు పోతుంది. కన్ను చిల్లు పడి పోవచ్చు కూడా.

అందుకే చెప్తున్నా: మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు, ఇంట్లో మిగిలిన చుక్కలు పిల్లి కంట్లో వెయ్యొద్దు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లు ఉంటే అది స్టెరాయిడే.

నేలకు పనికొచ్చేది కంటికి ఎందుకు పనికిరాదు?

ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. గోమూత్రం, పేడ, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పుట్టమట్టి కలిపి జీవామృతం ఎందుకు చేస్తాం? సూక్ష్మజీవులు కోట్లలో పెరగాలని. నేలలో అవే మన బలం. కంట్లో కథ వేరు. నల్లగుడ్డుకు రక్తనాళాలు ఉండవు, కన్నీళ్లే దాని కాపలా. అక్కడ పుండు ఉన్నప్పుడు శుద్ధి చెయ్యని ఏ ద్రవం వేసినా కొత్త సూక్ష్మజీవులను లోపలికి పంపినట్టే. గోమూత్రమైనా, తేనె అయినా, చనుబాలైనా, ఆకుపసరైనా అంతే. నందివర్ధనం కొమ్మ తుంచితే పాలు కారతాయి కదా, ఆ పాలు కంటికి మంట పెడతాయి. ఆముదం, కాటుక కూడా వద్దు.

ఇంకో సంగతి. బీజామృతంలో సున్నం ఉంటుంది. అగ్నిఅస్త్రంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు ఉంటాయి. అవి కాచే చోట, వడపోసే చోట కూనను ఉంచితే రోగం లేకపోయినా కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి. రోగం ఉంటే ఎక్కువవుతుంది. డ్రమ్ములు ఉన్న షెడ్డు కూనకు చోటు కాదు.

ఇది ఏ రోగం? పిల్లలకు అంటుతుందా?

కూనల్లో కళ్ల పుసులకు ఎక్కువగా కారణం మూడు: పిల్లుల హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్, క్లమీడియా ఫెలిస్ అనే బ్యాక్టీరియా. తల్లి నుంచో, తోటి కూనల నుంచో అంటుకుంటాయి. తుమ్ములు, ముక్కు కారడం, కొన్నిసార్లు నాలుక మీద పుండ్లు కూడా ఉంటాయి.

ఈ మూడింట్లో హెర్పిస్, కాలిసి వైరస్‌లు పిల్లి జాతివి, మనుషులకు అంటవు. క్లమీడియా ఫెలిస్ మాత్రం చాలా అరుదుగా మనిషి కంటికి అంటవచ్చు. కాబట్టి భయపడాల్సిన పని లేదు గానీ చేతులు కడుక్కోకుండా ఉండటానికీ లేదు. వానాకాలంలో బళ్లో పిల్లలందరికీ వచ్చే కళ్లకలక ఎక్కువగా మనుషుల వైరస్‌తో, పిల్లల నుంచి పిల్లలకు వచ్చేది. దానికి పిల్లిని తిట్టి బయటికి తోలక్కర్లేదు. అయితే కూనకు పుసులున్న రోజుల్లోనే పిల్లల కళ్లు ఎర్రబడితే కంటి డాక్టరుకు చూపించి, ఇంట్లో జబ్బు చేసిన కూన ఉందని తప్పకుండా చెప్పండి. కూనకు ఇచ్చిన మందు పిల్లల కంట్లో వెయ్యొద్దు.

కూనల నుంచి పిల్లలకు నిజంగా అంటేది తామర. కూన చెవుల మీద, ముఖం మీద గుండ్రంగా వెంట్రుకలు రాలి పొట్టు లేస్తుంటే అదీ డాక్టరుకు చూపించాలి.

రోజూ చేసే పని

అర లీటరు నీళ్లు మరగకాచి, చెంచాకు కొంచెం తక్కువగా ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చాలి. ఏ రోజుది ఆ రోజే. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ అయినా సరే. దూది తడిపి మూసుకున్న కన్ను మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. పొక్కు మెత్తబడ్డాకే ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మెల్లగా తుడవాలి. గోరుతో గిల్లొద్దు, రెప్పలు బలవంతంగా విప్పొద్దు. ఒక దూది ముక్క ఒక్కసారికే, ఒక్క కంటికే.

తర్వాత డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్. కింది రెప్పను కొంచెం లాగి, ట్యూబు మొన కంటికి తగలకుండా సన్నటి గీతలా పెట్టాలి. మాకు రోజుకు నాలుగుసార్లు పెట్టమన్నారు. కన్ను బాగుపడినట్టు కనిపించిన రోజే ఆపెయ్యకుండా చెప్పినన్ని రోజులూ పెట్టాలి. క్లమీడియా అయితే నోటిమందు కూడా కొన్ని వారాలు వాడాలి, ఇంట్లో మిగతా పిల్లులకూ ఇవ్వాలి.

ప్రకృతి వ్యవసాయం చేస్తూ యాంటీబయాటిక్ వాడటమేంటి అని కొందరు అడిగారు. పొలంలో రసాయనం వద్దంటున్నాం గానీ, ప్రాణి కన్ను పోతుంటే మందు వద్దని మనం ఎప్పుడూ అనలేదు కదండీ.

ముక్కు మూసుకుపోతే కూనకు వాసన తెలియక తిండి మానేస్తుంది. తిండి కొంచెం వెచ్చచేసి పెట్టండి. ఒక పూట దాటి ఏమీ తినకపోయినా, కన్ను మీద తెల్లగా, నీలంగా పొర కనిపించినా, కన్ను ఉబ్బినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంకా కళ్లు తెరవని పసికూనకు రెప్పల కింద ఉబ్బెత్తుగా ఉంటే అది లోపల చీము. అదీ వెంటనే చూపించాల్సిందే. జ్వరం ఉందని పారాసిటమాల్ మాత్రం ఇవ్వొద్దు, పిల్లులకు అది విషం.

పిల్లలతో మా ఇంటి కట్టుబాటు

వసారాలో ఒక మూల పెద్ద అట్టపెట్టె, పాత గుడ్డలు, ఇసుక ట్రే పెట్టాం. పాత పిల్లిని అటు రానివ్వలేదు. కూనను ముట్టుకునేది ఇంట్లో ఒక్కరే, అది నేనే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. కూన గుడ్డలు విడిగా ఉతికి మంచి ఎండలో ఆరెయ్యడం. నేల తుడవడానికి ఫినాయిల్ వాడలేదు. పిల్లులు ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటాయి, ఫినాయిల్ వాటికి విషం. సబ్బునీళ్లతో కడిగి, తర్వాత పలచటి బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, ఆరాకే కూనను వదిలేదాన్ని.

పిల్లలకు ఊరికే "వద్దు" అంటే దొంగచాటుగా వెళ్తారు. అందుకని పని అప్పచెప్పాం. మందు పెట్టిన ప్రతిసారీ పాప గోడ మీద సుద్దతో ఒక గీత గీసేది, నాలుగు గీతలు పడకపోతే నన్ను నిలదీసేది. చిన్నోడికి గడప హద్దు. గడప ఇవతల కూర్చుని దాంతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు, దాటకూడదు. మొదటి రెండు రోజులు ఏడ్చాడు, తర్వాత వాడే అందర్నీ ఆపేవాడు.

మందు పెట్టేటప్పుడు కూన గీరుతుంది. గీరినా, కొరికినా, పెద్దవాళ్లయినా పిల్లలైనా కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. రేబిస్ కుక్కలదే అనుకోవద్దు, పిల్లి నుంచీ వస్తుంది. వచ్చాక వైద్యం లేదు. చర్మంలో ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ గురించి కూడా అడగండి.

ఇసుక ట్రేలో మలం రోజూ తీసెయ్యాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా ఉండొచ్చు. అది బయటపడ్డాక అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది కాబట్టి రోజూ తీస్తే ప్రమాదం తగ్గుతుంది. గర్భిణులు ఆ పని చెయ్యకూడదు. ఆ మలం ఘనజీవామృతంలోగానీ, ఆకుకూరల మళ్ల కంపోస్టులోగానీ వెయ్యొద్దు. దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.

తర్వాత

కుడి కన్ను వారంలో తేటపడింది. ఎడమ కంటి పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. నల్లగుడ్డు మీద చిన్న తెల్ల మచ్చ మిగిలింది, చూపు ఉంది. డాక్టరు సరే అన్నాకే గడప హద్దు తీసేశాం. నట్టల మందు వేయించాం. పిల్లుల మూడు రోగాల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెడతారు, రేబిస్ టీకా మూడు నెలలకు. రెండూ వేయించాం. హెర్పిస్ అయితే ఒంట్లో ఉండిపోయి, కూన బెదిరినా నీరసించినా కళ్లు మళ్లీ కారొచ్చు. అప్పుడూ ఇదే పద్ధతి.

కొత్త కూనను తెచ్చే ముందు ఒక పెట్టె, ఒక మూల, దగ్గర్లోని పశువైద్యశాల పనివేళలు సిద్ధం చేసుకోండి. ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా పిల్లులకు, పసిపిల్లలకు దూరంగా ఉంచండి. మీ కూన కళ్లు ఇప్పటికే మూసుకుపోయి ఉంటే, ముందు ఉప్పునీళ్లతో తుడిచి డాక్టరుకు చూపించండి, వీడియో ఆ తర్వాత చూడొచ్చు.