ఏ షెడ్యూల్ కష్టం, ఎవరికి కష్టం?

2024 డిసెంబరు 8న అమెరికాలో ఒక ఎంపిక కమిటీ 12 జట్ల పేర్లు ప్రకటించింది. కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ కోసం తలపడాల్సిన జట్లవి. వాటిలో ఒక్క చోటు కోసం రెండు విశ్వవిద్యాలయాల మధ్య చివరిదాకా పోటీ నడిచింది. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్‌ఎంయూ) 11 ఆటలు గెలిచి 2 ఓడింది. అలబామా 9 గెలిచి 3 ఓడింది. అంకెలే చాలనుకుంటే సందేహానికి తావు లేదు. కానీ అలబామా పక్షాన మాట్లాడినవాళ్లు అడిగింది వేరే ప్రశ్న: గెలిచారు సరే, ఎవరి మీద?

కమిటీ ఎస్‌ఎంయూనే తీసుకుంది. ఆ జట్టు తొలి మ్యాచ్‌లోనే పెన్ స్టేట్ చేతిలో 38-10 తేడాతో చిత్తయింది. మేం ముందే చెప్పాం కదా అన్నారు అలబామా అభిమానులు. కొద్ది రోజులకు అలబామా కూడా తన సీజన్ ముగింపు ఆటలో మిషిగన్ చేతిలో 19-13తో ఓడింది. వాదన ఎక్కడిదక్కడే ఉంది.

కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అన్నింటికన్నా కష్టమైన షెడ్యూల్ ఏ జట్టుది అన్నది అక్కడ దశాబ్దాలుగా నలుగుతున్న చర్చ. మన దగ్గర గవాస్కర్ గొప్పా, సచిన్ గొప్పా అన్నట్టే. ఒకరు 1943 నోటర్‌డేమ్ అంటారు, ఇంకొకరు 2019 లూసియానా స్టేట్ అంటారు. ఆటమీద ఆసక్తి లేనివాళ్లు కూడా ఈ చర్చను పట్టించుకోవచ్చు. ఎందుకంటే దీని అడుగున ఉన్నది కొలతకు సంబంధించిన చిక్కు సమస్య.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, విసిరే ఆట. పై డివిజన్‌లో 130కి పైగా విశ్వవిద్యాలయ జట్లున్నాయి. ఆగస్టు చివరి నుంచి నవంబరు చివరి దాకా ఒక్కో జట్టు ఆడేది 12 ఆటలు మాత్రమే. లెక్క సులువుగా ఉండడానికి 130 జట్లనుకుందాం. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఒక్కసారి తలపడాలంటే 8,385 ఆటలు కావాలి. జరిగేవి ఎంత లేదన్నా 780. అంటే నూటికి తొంభై జతలు ఆ ఏడాది ఒకదాని ముఖం ఒకటి చూడవు. చూడని జట్లను పోల్చాలి. అందుకే ప్రత్యర్థుల బలం లెక్కలోకి వస్తుంది.

ఇది మనకూ పరాయి సమస్య కాదు. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో తొమ్మిది జట్లుంటాయి, ఒక్కో జట్టు ఆరు సిరీస్‌లే ఆడుతుంది. 2023-25 పోటీలో దక్షిణాఫ్రికా ఆస్ట్రేలియాతో గానీ ఇంగ్లండ్‌తో గానీ సిరీస్ ఆడకుండానే ఫైనల్‌కు చేరింది. సులువైన దారిలో వచ్చారన్న విమర్శలు గట్టిగానే వినిపించాయి. 2025 జూన్‌లో లార్డ్స్ మైదానంలో ఆ జట్టే ఆస్ట్రేలియాను ఓడించి కప్పు ఎత్తుకుంది.

ప్రత్యర్థి బలం అంటే?

అందరికీ మొదట తట్టే పద్ధతి ప్రత్యర్థుల గెలుపోటములు కూడి విజయ శాతం తీయడం. ఇందులో వెంటనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. నేను మిమ్మల్ని ఓడిస్తే మీ ఖాతాలో ఒక ఓటమి చేరుతుంది. అంటే నేను గెలిచిన కొద్దీ నా ప్రత్యర్థులు కాగితం మీద బలహీనులవుతారు. దీనికి మందు తేలికే, నాతో ఆడిన ఆటను తీసేసి లెక్కించడం. ఇంకో ఇబ్బంది మొండిది. ప్రత్యర్థి పది ఆటలు గెలిచాడు సరే, ఆ పదీ ఎవరి మీద? అక్కడికీ అదే ప్రశ్న వస్తుంది.

1998 నుంచి 2013 దాకా టైటిల్ పోటీదారులను తేల్చిన బీసీఎస్ విధానం మొదటి కొన్నేళ్లు దీనికి ఒక రాజీ సూత్రం వాడింది. ప్రత్యర్థుల రికార్డుకు మూడింట రెండు వంతుల విలువ, ప్రత్యర్థుల ప్రత్యర్థుల రికార్డుకు ఒక వంతు. రెండో మెట్టు దగ్గరే ఎందుకు ఆగాలి, మూడో మెట్టు ఎందుకు వద్దు అంటే దానికి శాస్త్రీయమైన జవాబేమీ లేదు.

ఆగకుండా చివరిదాకా వెళ్లే పద్ధతులు కూడా అదే బీసీఎస్‌లో భాగంగా ఉండేవి. నాకు వాటిలో బాగా నచ్చేది ఖగోళ భౌతిక శాస్త్రం చదువుకున్న వెస్లీ కోలీ తయారుచేసినది. ఆయన 18వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ సూత్రంతో మొదలుపెట్టాడు. ఒక్క ఆట ఆడి గెలిచిన జట్టుకూ, 12 ఆడి 12 గెలిచిన జట్టుకూ విజయ శాతం నూరే. కానీ రెండో జట్టు మీద మనకు నమ్మకం ఎక్కువ. కాబట్టి గెలుపులకు 1, ఆటలకు 2 కలిపి భాగించమంటుంది ఆ సూత్రం. అసలు ఆడని జట్టుకు 1/2 వస్తుంది, ఒకటి ఆడి గెలిస్తే 2/3, పన్నెండుకు పన్నెండూ గెలిస్తే 13/14. ఇందులో ప్రతి ప్రత్యర్థీ సగటు జట్టే, అంటే 1/2 విలువ గలదే అన్న ఊహ దాగి ఉంది. కోలీ ఆ 1/2 తీసేసి అక్కడ ప్రత్యర్థి అసలు రేటింగ్‌నే పెట్టాడు. ఆ రేటింగ్ ఎంత? అది దాని ప్రత్యర్థుల రేటింగుల మీద ఆధారపడుతుంది. ఇలా 130 జట్లకు 130 సమీకరణాలు వస్తాయి. అన్నింటినీ ఒకేసారి సాధించాలి. మామూలు లాప్‌టాప్ రెప్పపాటులో చేసే పని.

భౌతిక శాస్త్రం చదివినవాళ్లకు ఈ సమీకరణాలు పాత పరిచయస్థుల్లా కనిపిస్తాయి. బల్ల మీద 130 పూసలు ఉన్నాయనుకోండి. తలపడిన ప్రతి రెండు జట్ల మధ్యా ఒక స్ప్రింగ్. ప్రతి పూసనూ బల్లకు కూడా ఒక స్ప్రింగ్‌తో కట్టాం. ఎక్కడో మూలన ఒక పూసను కాస్త లాగితే మొత్తం వల కదులుతుంది. దగ్గరున్నవి ఎక్కువ, దూరానివి తక్కువ.

ఆ కదలిక 2010లో అందరికీ కనిపించింది. సీజన్ చివర కోలీ లెక్కలో కింది డివిజన్‌కు చెందిన ఒక ప్లేఆఫ్ మ్యాచ్ ఫలితం నమోదు కాలేదు. బయటివారు అది గుర్తించాక సరిచేసి చూస్తే, అధికారిక బీసీఎస్ పట్టికలో 10, 11 స్థానాల్లో ఉన్న లూసియానా స్టేట్, బోయిసీ స్టేట్ తారుమారయ్యాయి. ఆ మ్యాచ్‌తో ఆ రెండు జట్లకూ నేరుగా ఏ సంబంధమూ లేదు. అంత సన్నని తేడాలతో స్థానాలు నిర్ణయమవుతున్నాయన్న మాట.

వంతెనలు తెగితే

జట్లన్నీ కాన్ఫరెన్స్‌లనే గుంపులుగా ఉంటాయి. ఒక్కో జట్టు ఎనిమిది, తొమ్మిది ఆటలు తన గుంపులోనే ఆడుతుంది. గుంపు లోపల ప్రతి ఆటకూ ఒక గెలుపు, ఒక ఓటమి. అందువల్ల గుంపు ఎంత బలమైనదైనా లోపలి ఆటల విజయ శాతం ఎప్పుడూ సరిగ్గా 50. ఒక గుంపు మరో గుంపుకన్నా గట్టిదని చెప్పగలిగేది బయటి జట్లతో ఆడే ఆ మూడు, నాలుగు ఆటలే. రెండు ద్వీపాల మధ్య వంతెనలవి.

2020లో కొవిడ్ కారణంగా ఎస్‌ఈసీ, బిగ్ టెన్, పాక్-12 కాన్ఫరెన్స్‌లు బయటి ఆటలు మానేశాయి. ఒకదానితో ఒకటి కలిపే స్ప్రింగ్ ఒక్కటీ లేదు. ఇలా విడిపోయిన గుంపులకు కోలీ పద్ధతి వేస్తే ప్రతి గుంపు సగటూ తనంతట తానే 1/2 అవుతుంది. గుంపులన్నీ సమానమేనా అన్నదే ప్రశ్న అయితే, లెక్క దాన్ని ఊహగా తీసుకుని అదే జవాబుగా తిరిగిచ్చింది! ఆ ఏడాది ఆరు ఆటలు మాత్రమే ఆడి ఆరూ గెలిచిన ఒహాయో స్టేట్‌కు కమిటీ ప్లేఆఫ్‌లో చోటిచ్చింది. తొమ్మిది ఆడి ఎనిమిది గెలిచిన టెక్సాస్ ఏ అండ్ ఎం బయటే ఉండిపోయింది. గణితం ఏమీ చెప్పలేని చోట మనుషులు ఓటు వేశారు.

సగటు దాచేది

ఇంతవరకూ ప్రత్యర్థుల సగటు బలం ఎలా కొలవాలో చూశాం. అది పక్కాగా తెలిసిందనే అనుకుందాం. అయినా కష్టం తెలిసినట్టు కాదు.

రెండు ఊహా షెడ్యూళ్లు తీసుకుందాం. మొదటిదాంట్లో 12 మంది ప్రత్యర్థులూ మధ్యరకం. రెండోదాంట్లో ఆరుగురు చాలా బలమైనవాళ్లు, ఆరుగురు చాలా బలహీనులు. సగటు బలం రెండింటికీ ఒకటే. ఇప్పుడు ఒక అగ్రశ్రేణి జట్టును ఆడించండి. దానికి మధ్యరకం జట్టు మీద 95 శాతం, బలమైన జట్టు మీద 60 శాతం గెలుపు అవకాశం ఉందనుకుందాం; బలహీనుల మీద గెలుపు దాదాపు ఖాయం. మొదటి షెడ్యూల్‌లో ఒక్కటీ ఓడకుండా బయటపడే అవకాశం 0.95ను పన్నెండుసార్లు గుణిస్తే వస్తుంది, 54 శాతం. రెండోదాంట్లో 0.6ను ఆరుసార్లు గుణించాలి, 5 శాతం కూడా రాదు. అగ్రశ్రేణి జట్టుకు రెండో షెడ్యూల్ నరకం.

అవే షెడ్యూళ్లు అడుగున ఉన్న జట్టుకు ఇవ్వండి. మధ్యరకం వాళ్ల మీద దాని అవకాశం 5 శాతం, బలహీనుల మీద 40 శాతం, బలమైనవాళ్ల మీద సున్నాకు దగ్గర. మొదటి షెడ్యూల్‌లో ఆశించదగ్గ గెలుపులు 0.6. రెండోదాంట్లో 2.4. ఈ జట్టుకు మొదటిదే నరకం, రెండోది వరం. ఇక సరిగ్గా మధ్యలో ఉన్న జట్టుకు రెండింటిలోనూ ఆరు గెలుపులే వస్తాయి, తేడాయే తెలియదు.

కాబట్టి కష్టం అన్నది షెడ్యూల్‌కు మాత్రమే చెందిన గుణం కాదు. వేగం చెప్పాలంటే దేనితో పోల్చి అని ఎలా అడుగుతామో, ఇక్కడా ఏ జట్టుకు అని అడగాలి. టీవీ చర్చల్లో ఇద్దరు మాజీ ఆటగాళ్లు గంటసేపు అరుచుకుని తేల్చలేనిది చాలాసార్లు ఇదేనని నా అనుమానం. ఒకరి మనసులో టైటిల్ కొట్టగల జట్టు ఉంటుంది, మరొకరి మనసులో మామూలు జట్టు.

ఆ దృష్టితో 1943 నోటర్‌డేమ్‌ను చూడండి. పది ఆటలు. అసోసియేటెడ్ ప్రెస్ చివరి పట్టికలో మొదటి 13 స్థానాల్లో నిలిచిన జట్లలో ఏడింటిని అది ఎదుర్కొంది. రెండో ప్రపంచ యుద్ధ కాలమది. ఎన్నో కాలేజీలు ఆట మానేశాయి, అలబామాకు ఆ ఏడాది జట్టే లేదు. సైన్యంలో చేరిన మంచి ఆటగాళ్లంతా శిక్షణ కేంద్రాల జట్లలో పోగయ్యారు. నౌకాదళ పైలట్లను తయారుచేసే అయోవా ప్రీ-ఫ్లైట్ అలాంటిదే. దాన్ని నోటర్‌డేమ్ 14-13తో, ఒక్క పాయింటు తేడాతో దాటింది. ప్రీ-ఫ్లైట్ ఆ సీజన్ మొత్తంలో ఓడిన ఆట అదొక్కటే. చివరి ఆటలో మాత్రం గ్రేట్ లేక్స్ నౌకాదళ కేంద్రం నోటర్‌డేమ్‌ను 19-14తో పడగొట్టింది. ప్రధాన ఆటగాడు ఏంజెలో బెర్టెల్లీ ఆరు ఆటల తర్వాత మెరైన్ దళంలోకి వెళ్లిపోయాడు. అయినా ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ అతనికే దక్కింది. యుద్ధం నోటర్‌డేమ్‌కు కొంత మేలూ చేసింది. నౌకాదళ శిక్షణ పథకం ఆ క్యాంపస్‌లోనే నడవడంతో ఆటగాళ్లకు కొదవ రాలేదు.

నోటర్‌డేమ్ 9-1తో మొదటి స్థానంలో నిలిచింది. తొమ్మిదికి తొమ్మిదీ గెలిచిన పర్డ్యూకు ఐదో స్థానం వచ్చింది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఓటు వేసిన పాత్రికేయులు షెడ్యూల్‌కు అంత విలువిచ్చారు.

2019 లూసియానా స్టేట్ 15 ఆటలూ గెలిచింది. ఆడిన నాటి ర్యాంకుల ప్రకారం మొదటి పదిలో ఉన్న ఏడు జట్లను ఓడించింది. ఆడిన నాటి అన్న మాట ముఖ్యం. సెప్టెంబరులో తొమ్మిదో ర్యాంకుతో ఎదురైన టెక్సాస్ ఆ సీజన్‌ను 8-5తో, 25వ స్థానంలో ముగించింది. సెప్టెంబరు ర్యాంకంటే చాలావరకు నిరుటి పేరూ, అంచనాలూ. నోటర్‌డేమ్‌కు నేను లెక్కపెట్టిన ఏడు జట్లూ చివరి పట్టికలోవి.

టైటిల్ స్థాయి జట్టుకు, ఆటకు ఆట చూస్తే, 1943దే ఎక్కువ కష్టమని నా మొగ్గు. అది మొగ్గు మాత్రమే. 76 ఏళ్ల దూరంలోని ఆ రెండు సీజన్ల మధ్య ఒక్క స్ప్రింగ్ కూడా లేదు. ఒకే నీటిలో ఎప్పుడూ ముంచని రెండు థర్మామీటర్ల అంకెలు పోల్చినట్టుంటుంది. జట్టు పేరు అదే ఉన్నా నాలుగేళ్లకు ఆటగాళ్లంతా మారిపోతారు కాబట్టి ఏడాది నుంచి ఏడాదికి గొలుసు కట్టుకుంటూ పోవడమూ కుదరదు.

గతాన్ని సరదా చర్చలకు వదిలేయవచ్చు, వర్తమానాన్ని వదలలేరు. చోటు దక్కని అలబామా క్రీడా విభాగం డైరెక్టర్, ఇకముందు కాన్ఫరెన్స్ బయట గట్టి జట్లతో ఆటలు పెట్టుకోవడం ఎంతవరకు మంచిదో ఆలోచించాల్సి ఉంటుందని 2024లో బాహాటంగానే అన్నారు. కొలత తీరును బట్టి జట్లు ప్రత్యర్థులను ఎంచుకుంటాయి. 2025 ఆగస్టులో కమిటీ తన కొలతలు మార్చింది. బలమైన జట్లతో ఆడిన ఆటలకు బరువు పెంచింది. ఫలానా షెడ్యూల్ మీద జట్టు ఎలా రాణించిందో చూసే మరో కొలత చేర్చింది. దాని ప్రకారం గట్టివాళ్ల చేతిలో ఓడితే నష్టం తక్కువ, బలహీనుల చేతిలో ఓడితే ఎక్కువ.

అదే నెలలో ఎస్‌ఈసీ కూడా 2026 నుంచి కాన్ఫరెన్స్ ఆటలను ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచుతున్నట్టు ప్రకటించింది. 16 జట్లు, జట్టుకు ఒక్క ఆట పెరిగితే మొత్తం మీద ఎనిమిది కొత్త ఆటలు. ఎవరు ఎంత బాగా ఆడినా ఎనిమిది ఓటములు ఆ గుంపులోనే ఎవరో ఒకరి ఖాతాలో పడక తప్పదు. బయటి జట్లతో ఆడేవి నాలుగు నుంచి మూడుకు తగ్గుతాయి. అంటే కష్టాన్ని పెంచే ఈ నిర్ణయమే, ఆ కష్టాన్ని కొలవడానికి పనికొచ్చే వంతెనల్లో నాలుగో వంతును తీసేస్తోంది.