తెర మీది చీర

మగ్గం మీద పోగు తెగితే నేతగానికి ఆ క్షణమే తెలుస్తుంది. కంప్యూటర్ తెర మీద చీరను చిత్రించేవారికి ఆ సౌకర్యం లేదు. చేయి కదిలిన తరువాత మౌస్ గుర్తు తడబడుతూ వెంట వస్తుంది. ప్రక్కప్రక్కన ఉన్న రెండు తెరల మీద ఒకే ఎరుపు రెండు ఎరుపులుగా కనిపిస్తుంది. లోపం ఎక్కడున్నదో తెలియక, కంప్యూటరునే మార్చవలసి వచ్చిందని దిగులు పడేవారున్నారు. తరచు ఆ లోపం కొద్ది వందల రూపాయల కేబుల్‌లోనే ఉంటుంది.

సూరత్ నగరంలోని లింబాయత్‌లో ఇది జీవనోపాధికి సంబంధించిన విషయం. తెలంగాణ జిల్లాల నుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. మరమగ్గాల మోతలో వయసు గడిపిన తండ్రుల బిడ్డలకు, అదే బట్టల పరిశ్రమలో, డిజైన్ గీసే పని మరొక మెట్టు.

నేతకూ కంప్యూటరుకూ బంధుత్వం నేటిది కాదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్, రంధ్రాలు పొడిచిన అట్టలతో మగ్గానికి డిజైన్ నేర్పాడు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. 1839లో ఆయన చిత్తరువును పట్టులో నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. నేడు అట్టల స్థానాన్ని తెర మీది చుక్కలు ఆక్రమించాయి.

ఆ చుక్కల లెక్క చూడదగినది. 4కె తెరలో అడ్డంగా 3,840, నిలువుగా 2,160, వెరసి 82,94,400 చుక్కలుంటాయి. ఐదున్నర మీటర్ల పొడవు, 1.1 మీటరు పన్నా గల చీరను అంగుళానికి 150 చుక్కల చొప్పున గీస్తే సుమారు 21 కోట్ల చుక్కలవుతాయి. అనగా పాతిక తెరల నిండా పరచవలసిన చిత్రమది. అందుకే రెండు తెరలు. ఒకదానిపై అంచు, కొంగు సహా చీర యావత్తూ కనిపిస్తూండగా, రెండవదానిపై ఒక్క పువ్వును పెద్దది చేసి, డిజైన్ మళ్ళీ మొదలయ్యే చోట అతుకు పడకుండా సరిచూసుకోవచ్చు.

అయితే ఒక్కొక్క చుక్కకు 24 బిట్ల రంగు సమాచారం కావాలి. సెకనుకు 60 మార్లు బొమ్మ మారాలంటే, ఒక్క 4కె తెరకే సెకనుకు దాదాపు 1,200 కోట్ల బిట్లు ప్రవహించాలి. 2009లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 1.4 పద్ధతి ఈ తెరకు సెకనుకు 30 బొమ్మలు మాత్రమే మోయగలదు. 2013 నాటి 2.0 పద్ధతి 60 మోస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 కూడా అంతే. కంప్యూటరు, కేబుల్, మానిటర్, ఈ మూడింటిలో ఏ ఒక్కటి పాతదైనా బొమ్మ నత్తనడక నడుస్తుంది. చెరువు నిండుగా ఉన్నా, కాలువ ఇరుకైతే మడి తడవదు కదా!

కనుక పరీక్ష ఒక వరుసలో సాగాలి. రెండు కేబుళ్ళూ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించి ఉన్నాయా? డిస్‌ప్లే సెట్టింగులలో రెండు తెరలకూ 60 హెర్ట్జ్ ఎంచి ఉన్నదా? తరువాత తెరల పొంతన చూడాలి. 27 అంగుళాల 4కె తెరలో అంగుళానికి సుమారు 163 చుక్కలుంటే, 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరలో 92 మాత్రమే. పువ్వును ఒక తెర నుంచి మరొక తెరకు జరిపితే దాని పరిమాణమే మారిపోతుంది. ఒకే రకం తెరలు రెండు ఉండడం మేలు; లేదా స్కేలింగ్‌ను దేనికదిగా సరిచేసుకోవాలి.

చివరిది, అన్నిటికన్న ముఖ్యమైనది రంగు. రాత్రివేళ తెరను పసుపుగా మార్చే ఏర్పాటును పని సమయంలో ఆపివేయాలి. తెరలను అరగంట వెలిగి ఉండనిచ్చి, రంగులు కొలిచే పరికరంతో రెండింటినీ ఒకే ప్రమాణానికి తేవాలి. తెర మీద తప్పు గీతను ఒక్క మీటతో చెరిపివేయవచ్చు. బట్టకెక్కిన తప్పు రంగును అలా వెనక్కు తీసుకోలేము.

ఇంత చేసినా తెర వెలుగును వెదజల్లుతుంది, బట్ట వెలుగును ప్రతిఫలిస్తుంది. రెండూ అచ్చంగా ఒకటి కానేరవు. అందుచేత, తానులకు తానులు అచ్చు వేయించక ముందే, నమూనా ముక్కను పగటి వెలుతురులో చూడడం తప్పనిసరి. ఏళ్ళ తరబడి పోగులు చూసిన కన్ను ఇంట్లోనే ఉన్న లింబాయత్ డిజైనరుకు, ఆ తీర్పు కోసం దూరం వెళ్ళవలసిన పని లేదు.