నెట్ వైరు, కరెంటు డబ్బా పక్కపక్కనే.. చేవెళ్ల, మొయినాబాద్ ఇళ్లలో చూసుకోవాల్సిన సంగతులు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వస్తుంటే కరెంటు స్తంభాలకు నల్లటి కేబుళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. వాటిలో ఇంటర్నెట్ వైర్లు తక్కువేం కాదు. పిల్లల చదువు, దుకాణంలో ఫోన్ పేమెంట్లు, గల్ఫ్‌లో ఉన్న అబ్బాతో వీడియో కాల్.. అన్నీ ఆ సన్నటి తీగ మీదే నడుస్తున్నాయి. పల్లెలకు వెళ్లే టీ-ఫైబర్ కేబుల్‌ను మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే భూమిలో వేశారు. కానీ వీధి నుంచి ఇంట్లోకి వచ్చే ముక్క మాత్రం చాలాచోట్ల స్తంభాల మీదుగానే వస్తోంది. ప్రమాదం ఉండేది ఆ ముక్క దగ్గరే.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో కరెంటు షాక్ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సంస్థ తొలగించడం మొదలుపెట్టింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నెట్ పోయిందని జనం విసుక్కున్నారు. కేబుల్‌కు, కరెంటు షాక్‌కు సంబంధమేంటి అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఆ ప్రశ్న సబబైనదే. ఫైబర్ అంటే గాజు పోగు. పైపూతతో కాకుండా చూస్తే దాని మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో పోయేది వెలుతురు, కరెంటు కాదు. గాజు కరెంటును మోయదు కూడా. అయితే ఆ పోగు ఒక్కటే స్తంభం నుంచి స్తంభానికి వేలాడితే తెగిపోతుంది. అందుకే చాలా కేబుళ్లలో బలం కోసం పక్కన ఒక ఉక్కు తీగ పెడతారు. గాలికి ఆ కేబుల్ కరెంటు తీగకు రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగితే ఉక్కులోకి కరెంటు దిగుతుంది. దాని రెండో కొస మీ డాబా మీద ఇనుప రెయిలింగ్‌కో, రేకుల షెడ్డుకో కట్టి ఉంటే? వానలో బట్టలు తీయడానికి వెళ్లిన మనిషికి అది కేబుల్ పని అని తోచనే తోచదు.

కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు కుర్రాళ్లు తొందరలో కరెంటు సర్వీస్ వైరుకే నెట్ వైరును చుట్టేసి పోతుంటారు. అది ఒప్పుకోవద్దు. లోహం లేని డ్రాప్ కేబుల్ కూడా దొరుకుతుంది, అందులో ఉక్కుకు బదులు ఫైబర్‌గ్లాస్ పుల్ల ఉంటుంది. అదే వేయమని అడగాలి. ఇంట్లోకి వచ్చాక రౌటర్‌ను, దాని అడాప్టర్‌ను మీటరు డబ్బాలోనో, డీబీ బాక్సులోనో ఇరికించడం ఇంకో పొరపాటు. నెట్ ఆగిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఆ డబ్బాలో చెయ్యి పెడతారు. తెగిన ఫైబర్ కొసలోకి తొంగి చూడొద్దు. అందులోని లేజర్ కంటికి కనిపించదు. విరిగిన గాజు ముక్కలు చర్మంలో గుచ్చుకుంటే తీయడమూ కష్టమే.

ఇక డీబీ బాక్సు. ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది అని చాలామంది ధీమా. అది తప్పు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం తీయడానికి వంద మిల్లీ ఆంపియర్లు కూడా అక్కర్లేదు. మనిషి తీగకు అతుక్కుని ఉన్నా ఎంసీబీకి అది ఒక చిన్న బల్బు వెలిగినట్టే.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు లెక్క తేలకపోతే, కన్ను మూసి తెరిచేలోగా సప్లై ఆపేస్తుంది. దాని మీద 'టీ' అని బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి, పడిపోతే పనిచేస్తున్నట్టు. ఎర్తింగ్ సరిగా ఉంటే ఫ్రిజ్ బాడీలోకి కరెంటు దిగగానే, ఎవరూ ముట్టకముందే అది పడిపోతుంది. ఎర్తింగ్ లేకపోతే మనిషి ముట్టాకే పడుతుంది. తేడా అంతే, కానీ చిన్నది కాదు.

తరచూ జరిగేది ఏమిటంటే, ఇన్వర్టర్ పెట్టాక ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుంది. ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్‌ను, మామూలు న్యూట్రల్‌ను కలిపేయడం వల్లే చాలాసార్లు అలా అవుతుంది. న్యూట్రల్‌లు విడదీయడానికి బదులు ఆర్‌సీసీబీనే తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తారు. ఇంటివాళ్లకు పీడ వదిలినట్టు ఉంటుంది. టైల్స్‌కు పెట్టే ఖర్చు ముందు ఒక ఆర్‌సీసీబీ ఖరీదు ఏపాటిది?

పొలాల్లో బోరు మోటారు స్టార్టర్ ఇనుప డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది. తడి చేత్తో, చెప్పుల్లేకుండా ముట్టొద్దు. ఎర్తింగ్ పైపు దగ్గర ఎండాకాలం అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

పెళ్లిళ్లకు, మీలాద్‌కు సీరియల్ బల్బులు కట్టేటప్పుడు, జెండాలు పెట్టేటప్పుడు ఇనుప పైపులు వద్దు. స్తంభం మీద కొక్కెం వేయడం అసలే వద్దు. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపాలి. అది కుదరకపోతే ఎండు కర్రతో నెట్టాలి, చేత్తో లాగితే ఇద్దరూ పోతారు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్తంభం మీది తీగ తెగి కింద పడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పాలి. పడింది నెట్ వైరులా కనిపించినా సరే.

కంపెనీ మార్చినప్పుడు పాత కేబుల్ అలాగే వేలాడుతూ మిగిలిపోతుంది. కొత్త కనెక్షన్ ఇచ్చే రోజే పాతదాన్ని ఇంటి గోడ నుంచి స్తంభం దాకా పూర్తిగా తీయించాలి. స్తంభం ఎక్కే పని మాత్రం లైన్‌మన్‌కు చెప్పి, సప్లై ఆపించాకే జరగాలి.