పచ్చి చేపల సలాడ్ – మన ఇంటి పద్ధతి



హవాయి దీవుల వంటకం 'పోకే' పేరు ఈమధ్య పిల్లల నోట తరచు వినబడుతోంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే అమ్మాయి సెలవులకు గోదావరిఖని వస్తుంది. "అమ్మా, పచ్చి చేపముక్కలతో సలాడ్ చేద్దామే" అంటుంది. మనకు చేప అంటే చింతపండు పులుసు, లేదంటే వేపుడు. పచ్చిది తినడమేమిటని ముక్కున వేలేసుకుంటాం. కాదనే ముందు అదేమిటో, మన ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చో తెలుసుకుంటే మంచిది కదా!

హవాయి భాషలో పోకే అంటే ముక్కలుగా కోయడం. చుట్టూ సముద్రం. అప్పుడే పట్టిన చేపను కోసి, సముద్రపు ఉప్పు, తినే నాచు, వేయించి దంచిన కుకుయి గింజలు కలుపుకుని తినేవారు. 19వ శతాబ్దంలో జపాన్ మొదలైన దేశాల నుంచి చెరకు తోటల్లో పనికి కూలీలు వెళ్ళారు. వాళ్ళ సోయాసాస్, నువ్వుల నూనె కూడా ఇందులో చేరాయి. బొగ్గుబావుల్లో పనికి నాలుగు జిల్లాల వాళ్ళు వచ్చిన మన ప్రాంతంలో ఒకరి వంట ఒకరికి అలవాటు కాలేదా? అదీ అంతే. ఇప్పుడు పోకే ఎక్కువగా ట్యూనాతో చేస్తారు.

మరి మన దగ్గరో? ఎల్లంపల్లి ప్రాజెక్టులో, చెరువుల్లో దొరికే రవ్వ, బొచ్చె, కొర్రమీను – ఇవన్నీ మంచినీటి చేపలు. వీటి కండలో సన్నని పురుగులు దాగి ఉండవచ్చు. కొర్రమీను జాతిలో నాథోస్టోమా అనే పురుగు ఉండవచ్చని శాస్త్రజ్ఞులు ఎప్పుడో కనుగొన్నారు. పచ్చిగా తింటే అది మన ఒంట్లో చేరి చర్మం కింద తిరుగుతుంది, వాపులు తెస్తుంది. ఒక్కోసారి కంటికి, మెదడుకు కూడా పోతుంది. బాగా ఉడికిస్తే చస్తుంది.

"నిమ్మరసం పిండితే సరిపోదా?" అంటారు కొందరు. పులుపుకు ముక్క తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుందే గాని పురుగు చావదు. "ఫ్రిజ్‌లో పెడితే?" పురుగులు చావాలంటే సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో 7 రోజులు ఉంచాలి. ఇంటి ఫ్రీజర్‌లో అంత చలి నిలకడగా ఉంటుందని నమ్మలేం. పైగా ఆ చలికి సూక్ష్మజీవులన్నీ చావవు.

సముద్రపు చేప తెప్పించుకుందామంటే, తీరం నుంచి ఐసు పెట్టెలో ఇంత దూరం రావాలి. దారిలో చల్లదనం తగ్గితే ట్యూనాలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. దానివల్ల ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. వండినా ఇది పోదు. ఇక మృగశిర కార్తెకు నాంపల్లిలో బతికిన చేపపిల్లను మింగుతారు కదా అంటారేమో. అది ఒక నమ్మకం. దాన్ని చూసి పచ్చి చేప మంచిదే అనుకోవడం పొరపాటు.

కాబట్టి రుచి హవాయిది, ఉడకబెట్టడం మనది. నలుగురికి అర కిలో కొర్రమీను ముక్కలు, ముల్లు తీసినవి, తీసుకోండి. దీనికి ముళ్ళు తక్కువ. అంగుళం ముక్కలకు ఉప్పు, చిటికెడు పసుపు, కాస్త అల్లం పట్టించి ఇడ్లీ పాత్రలో 10, 12 నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. ముక్కను విరిచి చూడండి. లోపల కూడా తెల్లబడి పొరలుగా విడిపోతే ఉడికినట్టు.

చల్లారాక 2 చెంచాల సోయాసాస్, చెంచా నువ్వుల నూనె, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, 2 పచ్చిమిరపకాయలు, వేయించిన నువ్వులు 2 చెంచాలు వేసి మెల్లగా కలపండి. కుకుయి గింజలకు బదులు వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి వేయండి. కీరదోస ముక్కలు, నిమ్మరసం వడ్డించే ముందే కలపాలి. ముందే వేస్తే నీరు ఊరుతుంది. సోయాసాస్‌లో ఉప్పు జాస్తి కనుక మళ్ళీ ఉప్పు వేయకండి. బి.పి. ఉన్నవాళ్ళకు సాస్ కూడా తగ్గించండి. వేడివేడి అన్నం మీద పెట్టుకు తింటే భలేగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. పచ్చి చేప కోసిన పీట మీద, కత్తితో కీరా, ఉల్లి కోయవద్దు. సబ్బుతో కడిగాకే వాడండి. మన రామగుండం ఎండల్లో ఈ సలాడ్ గంటకు మించి బయట ఉంచకూడదు. అందుచేత డ్యూటీకి వెళ్ళేవారి టిఫిన్ డబ్బాలో మాత్రం పెట్టకండి. షిఫ్టు మధ్యలో మూత తీసేసరికి పాడవుతుంది. డబ్బాకు మన చింతపండు పులుసే నయం.

పిల్లల కోరిక తీరుతుంది, మనకూ భయం ఉండదు. గర్భిణులకు, పసిపిల్లలకు, పెద్దవాళ్ళకు అసలు పచ్చి చేప పెట్టకూడదన్న మాట మాత్రం ఇరుగుపొరుగు వారికి కూడా చెప్పండి. ఉంటాను మరి.