డంపర్ ఆయిల్ చెప్పే కబుర్లు

ఇల్లెందు దగ్గర బొగ్గుందని డాక్టర్ విలియం కింగ్ 1871లో కనిపెట్టారు. ఇవాళ అక్కడా, మణుగూరులో, సత్తుపల్లిలో సింగరేణి కంపెనీ ఓపెన్‌కాస్టు గనులున్నాయి. సింగరేణి డంపర్లలో వంద టన్నులు మోసేవీ ఉన్నాయి. అంతటి బండికైనా లోపల ఇనుమును ఇనుము ఒరుసుకోకుండా ఆపేది వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొరే!

డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే డిప్‌స్టిక్ నల్లగా వస్తుంది. కంగారు పడక్కర్లేదు. ఆయిల్ మసిని ముద్ద కట్టనివ్వకుండా తనలో తేలేలా పట్టి ఉంచుతోందన్నమాట. మసి మోతాదు మించితేనే ముప్పు. ఆయిల్‌లో కలిపే మందు లోహం మీద వేసే కాపాడే పొరను అదే గీకేస్తుంది.

ఆ పొర వేసే మందులో జింకు, భాస్వరం, గంధకం ఉంటాయి. 1940లలో దాన్ని బేరింగులను తుప్పు తినకుండా కలిపేవారు. అరుగుదలను ఆపే గుణం తర్వాత బయటపడింది.

ఆయిల్ సత్తా తేల్చడానికి నాలుగు గోళీల పరీక్ష ఉంది. అర అంగుళం ఉక్కు గోళీలు మూడింటిని కదలకుండా బిగించి ఆయిల్‌లో ముంచుతారు. వాటి మీద నాలుగో గోళీని 40 కిలోల ఒత్తిడితో, 75 డిగ్రీల వేడిలో, నిమిషానికి 1200 చుట్ల చొప్పున గంటసేపు తిప్పుతారు. తర్వాత కింది గోళీల మీద పడ్డ గుండ్రటి మచ్చను మైక్రోస్కోప్ కింద కొలుస్తారు. మచ్చ ఎంత చిన్నదైతే ఆయిల్ అంత మేలు.

అయితే గోళీల్లో మసి పుట్టదు. అందుకే నిజమైన ఇంజిన్‌నూ నడిపి చూస్తారు. మాక్ టీ-12 అనే పరీక్షలో లారీ ఇంజిన్ 300 గంటలు నడుస్తుంది. ఆపై విప్పి, పిస్టన్ రింగులు ఎన్ని మిల్లీగ్రాములు తగ్గాయో తూస్తారు, సిలిండర్ లైనర్ ఎన్ని మైక్రాన్లు అరిగిందో కొలుస్తారు.

ఇంజిన్ విప్పకుండానే అరుగుదల పట్టే దారి కూడా ఉంది. వాడిన ఆయిల్‌ను మండించి, వచ్చే వెలుగులో లోహాల జాడ చూస్తారు. 1940లలోనే అమెరికా రైల్వేలు ఈ పద్ధతి పట్టుకున్నాయి. ఇనుము పెరిగితే లైనర్లను, సీసం, రాగి పెరిగితే బేరింగులను అనుమానించాలి. సిలికాన్ పెరిగితే చాలాసార్లు దుమ్మే. ఎండాకాలం బొగ్గు రోడ్ల మీద తిరిగే బండికి ముందు ఎయిర్ ఫిల్టరే చూడాలి. చిరిగిన ఫిల్టర్‌ను ఎంత ఖరీదైన ఆయిలూ పూడ్చలేదు.

ఈ పరీక్షకు ఆయిల్ శాంపిల్‌ను ఇంజిన్ వేడిగా ఉండగానే, పొడి సీసాలో పట్టాలి. చల్లారితే అరిగిన పొడి అడుక్కి దిగుతుంది. సీసా మీద ఆయిల్ ఎన్ని గంటలు నడిచిందో తప్పక రాయాలి. ఇనుము పది లక్షల్లో 50 పాళ్లని తేలితే, అది 100 గంటలకైతే గుండె గుభేలుమనాలి, 500 గంటలకైతే బండిని డ్యూటీకి పంపొచ్చు.