అపాయింట్‌మెంట్ ముంబైలో, పనంతా ఊళ్లో

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 2023 మార్చిలో తెరిచిన అమెరికన్ కాన్సులేట్‌లో వీసా కిటికీలు 54. నంద్యాల జిల్లా శిరివెళ్లలో పెరిగి, పెళ్లయి, అమెరికాలో స్థిరపడిన మొగుడి దగ్గరికి వెళ్లబోయే అమ్మాయికి వాటిలో ఒక్కటీ పనికిరాకపోవచ్చు. భర్తది హెచ్1బీ అయితే హెచ్4 కోసం అక్కడికే పోవచ్చు. (2025 డిసెంబరులో ఆ అపాయింట్‌మెంట్లూ నెలల తరబడి వెనక్కి జరిగి, సెలవు మీద వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుపోయారు.) భర్త అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే ఆమెకు కావలసింది ఇమిగ్రెంట్ వీసా. దానికి ప్రధాన కేంద్రం ముంబైలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్స్. నంద్యాల నుంచి గుంతకల్లు చేరి అక్కడ బొంబాయి రైలెక్కాలి. లేదంటే హైదరాబాద్ వెళ్లి విమానం పట్టుకోవాలి.

అపాయింట్‌మెంట్ తేదీ వచ్చిందంటే ఇల్లంతా హడావుడి. అవ్వ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంటుంది. బెంగళూరు నుంచి వచ్చిన తమ్ముడు సోఫాలో ఆఫీసరులా కూర్చుని, "మీ ఆయన జీతమెంత? మొదటిసారి ఎక్కడ కలిశారు?" అని గుక్కతిప్పుకోనివ్వడు. హైదరాబాద్‌లో ఉన్న పిన్ని చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసేసి, వీసా వస్తే 108 నువ్వే చేయాలని ఫోన్ చేస్తుంది. ఎంసెట్ నాటి అలవాటు మనల్ని వదల్లేదు. కిటికీ ముందు నిలబడేది కొద్ది నిమిషాలే. చూపులు, ఒప్పుకోళ్లు, నెల తిరక్కుండా పెళ్లి అంటే ఆ ఆఫీసరుకేమీ వింత కాదు. ఆయన చూసేది కాగితానికీ కాగితానికీ పొంతన ఉందా అని. ఆ పొంతన కుదరాల్సింది ఇక్కడ, మన పంచాయతీ ఆఫీసుల్లో.

పుట్టిన తేదీ సర్టిఫికెట్టే తీసుకోండి. మన వైపు తొలికాన్పు పుట్టింట్లో. అంటే శిరివెళ్ల అమ్మాయి పుట్టింది శిరివెళ్లలో కాదు, అవ్వగారి ఊరు రుద్రవరంలోనో, ఉయ్యాలవాడలోనో. పాతికముప్పై ఏళ్ల కిందట అక్కడి రిజిస్టర్లో ఎవరైనా రాయించి ఉంటే, పేరుండాల్సిన గడిలో 'ఆడ శిశువు' అని ఉంటుంది. బారసాల జరిగేలోపే రాయించారు మరి. ఐదేళ్ల తర్వాత బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వయసు సరిపోయేలా జూన్‌లో ఒక తేదీ వేసుకున్నారు. ఆ తేదీ పదో తరగతి మెమోకెక్కింది, మెమో నుంచి పాస్‌పోర్టుకెక్కింది. పుట్టిన ఊరు గడిలో నాయన అలవాటుగా శిరివెళ్ల అని నింపాడు. ఇప్పుడా అమ్మాయికి రెండు పుట్టినరోజులు, రెండు పుట్టిన ఊళ్లు.

దీనికి మార్గం లేకపోలేదు. రిజిస్టర్లో పేరు లేకుంటే చేర్చమని అడగాలి. అసలు నమోదే లేకుంటే, 'రికార్డు లేదు' అన్న ధ్రువపత్రం తెచ్చుకుని, దానికి మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్ జతచేయాలి. ఏడాది దాటిన జననాన్ని కొత్తగా రాయించాలంటే 1969 నాటి చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆఫీసుల చుట్టూ ఈ తిరుగుళ్లు నెలలు మింగేస్తాయి.

పెళ్లి కాగితం కథ ఇంకోటి. అల్లుడు మూడు వారాల సెలవు మీద వస్తాడు. నంద్యాల ఫంక్షన్ హాల్లో వెయ్యి మంది చూస్తుండగా తాళి కడతాడు. సత్యనారాయణ వ్రతం, రెండిళ్ల విందులు, తిరుపతి ప్రయాణం అయ్యేసరికి రిటర్న్ టికెట్ రోజు వచ్చేస్తుంది. ఆళ్లగడ్డ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎవరికీ గుర్తుండదు. పెళ్లిళ్లన్నీ నమోదు చేయాలని మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చిందిగానీ, ఆల్బం ఉంది కదా అన్న ధీమా మనది. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర సంతకానికి ఇద్దరూ ఉండాలి, సాక్షులు ఉండాలి. మరిచిపోతే అల్లుడి తర్వాతి సెలవు దాకా ఆగాల్సిందే.

ఇంటిపేరు మార్చాలన్న తొందర కూడా మానుకోవడం మంచిది. పెళ్లయితే పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు పెట్టుకోవాలన్న నిబంధనేదీ లేదు. మారిస్తే మెమోతో, ఆధార్‌తో, పోలీసు క్లియరెన్స్‌తో మళ్లీ తంటాలు మొదలవుతాయి. ఇంటిపేరు, చిరునామా: పెళ్లితో ఈ చిక్కులు ఆడపిల్ల కాగితాల్లోనే వస్తాయి. మగపిల్లాడు పుట్టినప్పటి పేరుతోనే విమానమెక్కేస్తాడు.

అవతల భర్త చేయాల్సిందీ తక్కువేం కాదు. భార్య కోసం అతను వేసిన ఐ-130 పిటిషన్ ఆమోదమయ్యాక ఫైలు న్యూ హాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు పోతుంది. భార్యను పోషించగలనని ఐ-864 ఇవ్వాలి, ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతమైనా ఉండాలి. పౌరుడైతే కోటా లేదు. గ్రీన్‌కార్డే అయితే వరుసలో ఏళ్లు గడుస్తాయి.

ఇక అమ్మాయి వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే. చిన్నప్పటి టీకాల కార్డు లేకుంటే కొన్ని సూదులు మళ్లీ వేయించుకోవాలి. ఎక్స్‌రేలో టీబీ అనుమానమొస్తే కళ్లె పరీక్షకే ఎనిమిది వారాలు. ఫోటో రెండంగుళాల చదరం, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, కళ్లద్దాలు వద్దు. ఊళ్లో స్టూడియో అబ్బాయి అలవాటుకొద్దీ మొహం తెల్లగా చేసి, బుగ్గ మీది మచ్చ చెరిపేస్తాడు. ముందే వారించండి, అలా దిద్దిన ఫోటో చెల్లదు.

వీసా వచ్చి అమెరికాలో అడుగుపెట్టేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే చేతికొచ్చేది రెండేళ్ల గ్రీన్‌కార్డే. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో పూర్తి గ్రీన్‌కార్డు కోసం ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లతో బిల్లులు అప్పుడు అడుగుతారు. కాబట్టి అక్కడ దిగిన మొదటి నెల నుంచే ఒక ఫైలు తెరవాలి.