చిత్రవిమర్శకు ఒకే కొలత చాలునా?

నేఁడు క్రొత్త చలనచిత్రము విడుదలయైన నాఁటి మధ్యాహ్నమునకే దాని జాతకము వ్రాయఁబడుచున్నది. అయిదింట మూఁడని యొకరు, రెండున్నర యని వేఱొకరు నంకెలు వేయుచున్నారు. పౌరాణికమునకును, సాంఘికమునకును, జానపదమునకును, భక్తిచిత్రమునకును అదే పట్టిక. వడ్లు కొలుచు కుంచముతోఁ బట్టుబట్టను కొలువఁబూనిన వర్తకునిఁ జూచి మనము నవ్వుదుము. చిత్రముల యెడ మాత్ర మీ వింత కొలత యెవ్వరికిని నవ్వు పుట్టింపకున్నది.

నేఁటి చిత్రముల పేరెత్తినచోఁ బక్షపాత శంక పొడమవచ్చును. కావున కాలము తీర్పు చెప్పిన పాత చిత్రములనే కొన్నింటిని, నిన్ననే విడుదలయైనట్లు భావించి పరిశీలింతము.

కె. వి. రెడ్డిగారి 'గుణసుందరి కథ' (1949) జానపదము. ముగ్గురు కొమార్తెలలోఁ గడపటిదానిపైఁ గినిసిన రాజు ఆమెను కురూపికిఁ గట్టిపెట్టును. శాపమును, మహిమగల మణియును కథను నడుపును. ఇట్టి దెచ్చట జరుగునని యడుగుట విమర్శ గాదు. తాను కల్పించుకొన్న లోకపు న్యాయమును కథ తుదివఱకు పాటించెనా యనుటయే ప్రశ్న. పాటించినది. తండ్రి ముఖస్తుతికి లోఁబడుటయే సకల కష్టములకు మూలమను సంగతిని అందలి యద్భుతము లేవియు మఱపింపవు.

గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' (1938)కు ఈ మినహాయింపు చెల్లదు. అది మన యూళ్లలోని యస్పృశ్యతను గూర్చి మాటాడ సాహసించిన సాంఘికము. తాపీ ధర్మారావుగారి సంభాషణలు వాడుక భాషలో సాగినవి. అందుఁ బూర్వాచారపరుఁడగు శాస్త్రిగారి భార్యను హరిజనుఁడు మంటలనుండి రక్షింపఁగా ఆయన మనస్సు మాఱును. ప్రేక్షకుల కన్నులు చెమర్చుట నిజమే. కాని యెవరి ప్రాణమును గాపాడని హరిజనునకు ఆలయ ప్రవేశార్హత లేదా? న్యాయముగా రావలసినది కృతజ్ఞతగా లభించుట యీ చిత్రములోని కొఱఁత. సాహసమును మెచ్చియే యీ మాట చెప్పవలెను.

కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమునుండి సి. పుల్లయ్యగారు తీసిన 'వరవిక్రయము' (1939) నవ్వించుచునే గుండె కోయును. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి పిసినారి లింగరాజును జూచి నవ్విన సభయే, కట్నపు బాధకు బలియైన కాళింది మరణమునకుఁ గంట తడి పెట్టును. ఇట హాస్యము వినోదమునకుఁ జేర్చిన తాలింపు గాదు; నేరస్థుని పట్టియిచ్చు సాక్షి. నాగయ్యగారు తామే నటించి, పాడి, దర్శకత్వము వహించిన 'త్యాగయ్య' (1946)లో కథావేగమును వెదకువాఁడు తప్పు తావున వెదకినవాఁడు. పాట భక్తుని హృదయమునుండి వెడలినదా యనునదియే యచ్చటి పరీక్ష.

ఇఁక గడు కష్టమైన పరీక్ష 'రైతుబిడ్డ' (1939). రామబ్రహ్మముగారు సారథి సంస్థ పక్షమున తీసిన చిత్రమిది. షావుకారు పక్షమును గాదని రైతు అభ్యర్థికి వోటు వేసిన కర్షకుఁడు పడిన బాధలే యిందలి కథ. బళ్లారి రాఘవగారు ఆ కర్షకుని పాత్ర ధరించిరి. జమీందారు వర్గములోని ప్రముఖులు దీనిని ప్రతిఘటించిరి. కొన్ని తావుల ప్రదర్శనము నిషేధింపఁబడెను. చిత్రమేమనఁగా, సారథి సంస్థకు వెన్నుదన్నుగా నిలిచినవారు చల్లపల్లి జమీందారుగారు! తన వర్గమునే ప్రశ్నించు చిత్రమునకు ధనమిచ్చిన జమీందారొకరు. తెరమీఁది మాటకే యులికిపడిన వారు మఱికొందఱు. 1948లో ఎస్టేట్ల రద్దు శాసనము వచ్చినది, జమీందారీలు పోయినవి. చిత్రమును నిషేధించినవారి వాద మేమైనది?

భూవసతి గల పాఠకులు మాకుఁ బెక్కండ్రు గలరు. వారి నొక్కటి యడుగుదుము. తమకు రుచింపని చిత్రము బాగుగా లేదనుటయు, తమకు నచ్చని మాట చెప్పినదనుటయు ఒక్కటియేనా? ఈ రెంటి భేదమును చూపుటకే విమర్శకుఁడున్నాఁడు. ఆ భేదమును మఱచినచో అతఁడు వర్గమునకో, వ్యాపారమునకో గుమాస్తా యగును.

నిర్మాతల భయము నిట్టిదే. 2024లోఁ దమిళ నిర్మాతలు, చిత్రము విడుదలయైన తొలి మూఁడు దినములు విమర్శలను నిలుపవలెనని మదరాసు హైకోర్టు నాశ్రయించిరి. లక్షలు, కోట్లు పెట్టినవారి యాందోళన మాకుఁ దెలియును. ద్వేషముతో వ్రాయువారును లేకపోలేదు. అయినను నోరు నొక్కుట మందు గాదు. నిదానముగా, కారణములు చూపి వ్రాయుటయే మందు.

కావున విమర్శకుఁ డంకె వేయుటకు ముందు మూఁడు ప్రశ్నలు వేసికొనుఁ గాక: ఈ చిత్రము ప్రేక్షకునకేమి వాగ్దానము చేసెను? దానిని చెల్లించెనా? చెల్లించుటలో మనుష్యుని గూర్చి యబద్ధమాడెనా? మొదటి రెంటికి సమాధానము చిత్రజాతిని బట్టి మాఱును. మూఁడవదానికి మాత్రము జాతిభేదము లేదు. ఈ ప్రశ్నలకు బదులు చెప్పని యంకెను మన్నింపవలసిన పని పాఠకులకును లేదు.